మేం ఎప్పటికీ మీ శాంపిలేనా మేడం? నర్సింగ్ రీసెర్చ్ చేసేవాళ్ళకి ఒక ఏఎన్ఎం రాస్తున్న బహిరంగ లేఖ

నర్సింగ్ కాలేజీల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లల్ని గైడ్ చేసే మేడంలకి, సార్లకి, రీసెర్చ్‌లో తప్పొప్పులు చూసే ఎథిక్స్ కమిటీల్లో కూర్చునే పెద్దలకి, అట్లాగే నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ పని చూసే వాళ్ళకి,

నమస్తే. నేను ఉమ్మడి ఖమ్మం జిల్లా ఏజెన్సీలో ఒక సబ్ సెంటర్లో సెకండ్ ఏఎన్ఎంని, అంటే అక్కడుండే రెండో ఆక్సిలియరీ నర్స్ మిడ్‌వైఫ్‌ని, ఊళ్ళు తిరిగి టీకాలు వేసి గర్భిణుల్ని చూసే నర్సుని. 2008లో కాంట్రాక్ట్ మీద జాయిన్ అయ్యా, అప్పట్నుంచీ అదే భుజానికి అదే బ్యాగు. పేరు రాయట్లేదు, కాంట్రాక్ట్ బతుకులు కదా, ఏమనుకోకండి. ఊళ్ళో నర్సమ్మ అంటారు, పిల్లలైతే సూదమ్మ అని పరిగెత్తి మంచం కింద దూరతారు. అదే నా పేరు అనుకోండి.

ఈ లెటర్ ఎందుకంటే, ఇన్నేళ్ళలో నా దగ్గరికి రీసెర్చ్ అని వచ్చినోళ్ళు తక్కువేం కాదు. ఎమ్మెస్సీ నర్సింగ్ పిల్లలు వచ్చారు, ఎన్జీవో వాళ్ళు వచ్చారు, హైదరాబాద్ నుంచి ఢిల్లీ నుంచి పెద్ద పెద్ద టీములు జీపుల్లో వచ్చాయి. వచ్చిన ప్రతి ఒక్కరూ నన్ను రెండు రకాలుగానే చూశారు. ఒకటి, నేను శాంపిల్. ప్రశ్నల కాయితం ఇచ్చి టిక్ పెట్టమంటారు. రెండు, నేను దారి చూపించే మనిషి. ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఏ ఇంట్లో ఆర్నెల్ల పాప ఉంది, కుక్క కరుస్తదా కరవదా, ఇదంతా నేను చెప్పాలి. మూడోది, అంటే ఈ సంగతి మీద ఏం తెలుసుకుంటే పనికొస్తదమ్మా అని నన్ను అడగడం, అది ఒక్కరంటే ఒక్కరు చెయ్యలేదు.

శాంపిల్ కథ ముందు చెప్తా. మా పీహెచ్‌సీలో మంత్లీ మీటింగ్ రోజు ఒక అమ్మాయి వస్తది, పాపం చెమటలు పట్టి, చేతిలో అరవై జిరాక్సులు. "ఎంపిక చేసిన పీహెచ్‌సీల్లో పనిచేసే ఏఎన్ఎంల నాలెడ్జ్ మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం ప్రభావం", టైటిల్ ఇట్లా ఉంటది, ఫలానా జబ్బు అన్నచోట పేరు మారుతుంటది అంతే. ప్రీ టెస్ట్ పెడతారు. తర్వాత చార్టు గోడకి కట్టి ముప్పావుగంట క్లాసు చెప్తారు. వారం ఆగి అదే కాయితం మళ్ళీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. చెప్పిందే వారానికి అడిగితే పెరగవా మేడం? మా పదో క్లాసు పిల్లలకి కూడా పెరుగుతాయి. ఆ అమ్మాయికి డిగ్రీ వస్తది, సంతోషం, ఆమెనేం అనట్లేదు, మీరు ఇచ్చిన టాపిక్కే కదా ఆమె చేసేది. కానీ నా దగ్గర ఫ్రిజ్ లేకపోతే, రోడ్డు తెగిపోతే, ఐస్ ప్యాక్ కరిగిపోతే నా నాలెడ్జ్ పెరిగి ఏం చెయ్యను? ఆ ప్రశ్న ఆ కాయితంలో ఎప్పుడూ లేదు. మాకు తెలియదు అన్నదగ్గర మొదలుపెట్టి మీ వల్ల తెలిసింది అన్నదగ్గర ఆపేస్తారు.

రక్తం తక్కువ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి, అది నాకు కడుపులో ఉండిపోయింది. 2019-21 నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52.2 శాతం మందికి అనీమియా అని వచ్చింది. అంతకు ముందు సర్వేలో కూడా సగం పైనే. 2018 నుంచి అనీమియా ముక్త్ భారత్ అని ఎర్ర గోలీలు ఇస్తున్నాం, నాలుగో నెల నుంచి రోజుకొకటి, మొత్తం 180, కాన్పయ్యాక ఇంకో 180. మరి గోలీలు ఇస్తుంటే రక్తం ఎందుకు పెరగట్లేదు? మంచి ప్రశ్నే. ఈ ప్రశ్న పట్టుకునే ఒకసారి ఒక కాలేజీ నుంచి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు (కాలేజీ పేరు వద్దు లెండి). ఫారం తెలుగులోనే ఉంది. మొదటి ప్రశ్న, "మీకు రక్తహీనత గురించి అవగాహన కలదా?" మా గూడెంలో ఆమె నా మొహం చూసింది. ఏందమ్మా అది అన్నది. రక్తం తక్కువ గురించి తెలుసా అని నేను మార్చి అడిగితే, తెలవకేం, కళ్ళు తిరుగుతయ్, మెట్లెక్కితే ఆయాసం, మా అక్క దానితోనే పోయింది అని గడగడా చెప్పింది. అంతకు ముందు నాలుగిళ్ళల్లో ఆ ప్రశ్నకి "లేదు" అని టిక్ పడిపోయింది అప్పటికే. అంటే మీ పుస్తకంలో ఆ నలుగురికీ అవగాహన లేనట్టు. లేనిది అవగాహన కాదు మేడం, మీ కాయితం మాటే వాళ్ళకి తెలవదు. స్తన్యపానం అని రాస్తారు, పాలు పట్టడం అంటే బిడ్డని కన్న ప్రతి తల్లికీ తెలుసు.

తర్వాత ప్రశ్న, ఐరన్ గోలీలు రోజూ వేసుకుంటారా, అప్పుడప్పుడూనా, అసలు వేసుకోరా. అందరూ రోజూ అన్నారు. ఎందుకనరు, గోలీలు ఇచ్చిన నర్సమ్మని నేను పక్కనే నిలబడి ఉన్నా కదా! నన్ను కొంచెం దూరం పంపించి అడగాలన్న ఆలోచన వాళ్ళకి రాలేదు, నేను చెప్పబోతే మా ఫారంలో అట్లా లేదండి, గైడ్ మేడం ఒప్పుకోరు అన్నారు. గోలీలు వేసుకుంటున్నారా లేదా తెలవాలంటే నోటితో అడగొద్దు, చూరులో చెయ్యి పెట్టాలి. మా దగ్గర గోలీల పట్టీలు చూరులో గుచ్చుతారు, లేకపోతే దేవుడి పటం ఎనక పెడతారు. అవి లెక్కపెడితే ఎన్ని మిగిలాయో కనపడతది. ఎందుకు మిగిలాయి అని మెల్లగా కూర్చొని అడిగితే ఒకామె వాంతి వస్తది అంటది, ఒకామె దొడ్డికి నల్లగా వస్తుందని భయపడ్డా అంటది, ఒకామె బిడ్డ బాగా పెరిగి ఆపరేషన్ అయిద్దని మా అత్త వద్దన్నది అంటది. ఇంకా పెద్ద సంగతి ఏందంటే వేసుకునేవాళ్ళల్లో చాలామంది పొద్దున్నే టీతోనే వేసుకుంటారు, టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, కొందరైతే కాల్షియం గోలీ కూడా అప్పుడే కలిపి మింగుతారు, రెండూ ఒక్క దెబ్బకి అయిపోతాయని. ఇవన్నీ నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా. నాలుగు నెలలు రాశా. రాత్రి అన్నం తిన్నాక కొంచెం ఆగి వేసుకోమని, క్యాలెండర్ మీద బొట్టు పెట్టుకోమని చెప్పి చూశా, కొందరి దగ్గర పట్టీలు ఖాళీ అయ్యాయి, కొందరి దగ్గర కాలేదు. కానివాళ్ళ దగ్గర ఎందుకు కాలేదో కూడా రాసుకున్నా. అది రీసెర్చా కాదా నాకు తెలవదు, నాకెవరూ నేర్పలేదు. కానీ ఆ ఇద్దరు అమ్మాయిల థీసిస్‌లో మాత్రం దాదాపు అందరూ గోలీలు రోజూ వాడుతున్నారు అనే వచ్చి ఉంటది. వెనక పేజీలో "ఫీల్డ్ స్టాఫ్‌కి కృతజ్ఞతలు" అని ఒక లైను ఉంటది, అది నేనే.

మీరు అనేది నాకు తెలుసు. ఏఎన్ఎంకి స్టాటిస్టిక్స్ రాదు, ఇంగ్లీష్ రాదు, రెండేళ్ళ కోర్సులో రీసెర్చ్ అనే సబ్జెక్టే లేదు. నిజమే, లేదు. జీఎన్ఎం (డిప్లొమా నర్సు) వాళ్ళకి కొంచెం ఉంది, బీఎస్సీలో ఒక పేపరే ఉంది, మాకు మాత్రం రాయడం అంటే రిజిస్టర్ నింపడమే. అయితే నింపే రిజిస్టర్లు ఎన్నో ఒకసారి చూడండి. ఈసీ సర్వే (పిల్లల్ని కనే వయసు దంపతుల లెక్క), డ్యూ లిస్టు, ఆర్‌సీహెచ్ (తల్లీపిల్లల రిజిస్టర్), టీకాల రిజిస్టర్, బీపీ షుగర్ సర్వే, టీబీ, లెప్రసీ, జ్వరాల సర్వే. కాయితం మీద రాసి మళ్ళీ ట్యాబ్‌లో కొట్టాలి. ఆంధ్రా సైడు 2016లోనే అన్మోల్ అని ట్యాబ్‌లు ఇచ్చారు, దేశంలో మొదట అక్కడే. దేశంలో తల్లీపిల్లల లెక్కలు అన్నీ మా వేళ్ళ మీదుగా పైకి పోతాయి. పోయాక మళ్ళీ కిందికి రావు. నా ఊరి లెక్క ఏం చెప్తుందో నాకెవరూ చూపించరు, టార్గెట్ తగ్గితే మాత్రం ఫోన్ వస్తది. డేటా కొట్టడానికి తెలివి ఉంది, ఆ డేటాని చూసి ఒక ప్రశ్న అడగడానికి తెలివి లేదా?

ఇది ఒక్క మన దేశం రోగం కాదులెండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నర్సుల మీద పెద్ద రిపోర్టు వేసింది, ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 79 లక్షల మంది నర్సింగ్ వాళ్ళుంటే అందులో 22 శాతం మంది మాలాంటి తక్కువ ఏళ్ళు చదివినవాళ్ళే, అసోసియేట్ నర్సులు అంటారట. అమెరికాలో లైసెన్స్డ్ ప్రాక్టికల్ నర్సు, కెనడాలో కూడా అదే పేరు, ఒక్క ఆంటారియోలో మాత్రం రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్సు, అంటే ఆర్‌పీఎన్. క్యుబెక్‌లో అయితే ఫ్రెంచిలో ఆక్సిలియరీ అనే అంటారు, మా ఏఎన్ఎంలో మొదటి ఏ అదే. మా మేనకోడలు ఆంటారియోలో ఆర్‌పీఎన్, ముసలోళ్ళుండే హోంలో నైట్ డ్యూటీలు. దాని దగ్గరే ఈ ప్రాక్టికల్ నర్సు అన్న మాట మొదట విన్నా. అక్కడ కూడా చాలా కాలం రీసెర్చ్ అంటే పెద్ద నర్సులదే అంట, ఆర్ఎన్‌ల (ఎక్కువ ఏళ్ళు చదివిన రిజిస్టర్డ్ నర్సుల) మీద రాసి నర్సులు అని హెడ్డింగ్ పెట్టేవాళ్ళంట, ఆర్‌పీఎన్‌లని ఆ లెక్కలోనే కలిపేసేవాళ్ళంట లేకపోతే అసలే వదిలేసేవాళ్ళంట. ఇప్పుడు కొంచెం మారుతుంది అత్తా అన్నది. వాళ్ళ హోంలో ముసలోళ్ళు రాత్రిపూట పడిపోవడం మీద ఒక స్టడీ మొదలుపెడితే ఫారం తయారుచెయ్యక ముందే దీన్ని, ఇంకో ఇద్దరు ఆర్‌పీఎన్‌లని కూర్చోబెట్టి అడిగారంట, కూర్చున్న గంటలకి జీతం కూడా కట్టారంట. నువ్వేం చెప్పావే అంటే, పడిపోయేది బాత్‌రూంకి లేచినప్పుడు కాదు, బెల్లు కొట్టి మేం వచ్చేలోపు ఆగలేక లేచినప్పుడు, అందుకని బెల్లుకి మేమెంతసేపటికి పోతున్నామో కూడా రాయండి అని చెప్పిందంట. ఆ ప్రశ్న ఫారంలో పెట్టారంట. నాకు ఎంత కుళ్ళొచ్చిందో చెప్పలేను. దానికంటే పదేళ్ళు ముందు నుంచి నేనీ పనిలో ఉన్నా.

ఇక మా జిల్లా సంగతి ఒకటి రాయకుండా ఉండలేను. 2009లో ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు అని వేశారు, పాథ్ అనే సంస్థ, వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు, సుమారు 14 వేల మంది, చాలామంది హాస్టల్ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. కొందరు పిల్లలు చనిపోయారు, వాటికీ టీకాకీ సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు, అది నేను ఒప్పుకుంటా, ఆ టీకా మంచిదే, మా బిడ్డకి నేనే వేయిస్తా. కానీ సమ్మతి పత్రాల సంగతి చూడండి. పార్లమెంటు కమిటీ 2013లో ఇచ్చిన రిపోర్టులో ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని. తల్లి లేదు, తండ్రి లేడు, వార్డెన్ సంతకం. మా మండలం ఆ మూడింటిలో లేదు, నేను ఆ సూది వెయ్యలేదు. కానీ తర్వాత ఎన్నేళ్ళో ఏ కొత్త టీకా బాక్సు పట్టుకుపోయినా, "ఇది ఆ హాస్టల్ పిల్లలకి ఏసిందేనా" అని తల్లులు నన్నే అడిగారు. ప్లాన్ వేసినవాళ్ళని కాదు, కాయితం రాసినవాళ్ళని కాదు. ఎండలో గుమ్మం ముందు నిలబడి సమాధానం చెప్పుకుంది నేను. ఆ ప్రాజెక్టు మొదలు కాకముందే ఒక్క ఏఎన్ఎంని బల్ల ముందు కూర్చోబెట్టి అడిగుంటే చెప్పేది, అయ్యా ఆ పిల్లల అమ్మానాన్నలు మిర్చి ఏరడానికి పోయి ఉంటారు, సంతకం కావాలంటే సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు గూడేనికి పోయి కూర్చోవాలి, హాస్టల్లో కుదరదు అని. ఈ మాట చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఎథిక్స్ కమిటీ పెద్దలారా, ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ ప్రకారం మీ కమిటీల్లో మామూలు జనం తరఫున ఒకరుండాలి కదా, ఊళ్ళల్లో జరిగే స్టడీలు చూసేటప్పుడు అదనంగా ఒక ఏఎన్ఎంని పిలిస్తే మీకు పోయేదేముంది.

పేరు సంగతికొస్తా. ఎవరి పేరు పేపర్ మీద వెయ్యాలో మెడికల్ జర్నల్స్ ఎడిటర్లు ఒక రూలు పెట్టుకున్నారని మా పీహెచ్‌సీ డాక్టర్ మేడం ఒకసారి చెప్పారు. ఉత్తగా డేటా తెచ్చినంత మాత్రాన ఆథర్ కారు, రాయడంలోనో దిద్దడంలోనో ఉండాలి, ఆఖరి కాపీ చూసి ఒప్పుకోవాలి, తప్పొస్తే జవాబు చెప్పాలి. నాకిది న్యాయంగానే అనిపించింది, ఊరికే పేరేసుకోవడం నాకూ ఇష్టం లేదు. కానీ అదే రూల్లో ఇంకో ముక్క ఉంది, పనిలో గట్టిగా చెయ్యి వేసినవాళ్ళకి రాసే దిద్దే అవకాశం ఇవ్వాలి, అవకాశం ఇవ్వకుండా ఆపేసి నువ్వు రాయలేదు కాబట్టి పేరు లేదు అనడానికి ఈ రూలు వాడకూడదు అని. ఆ రెండో ముక్క మీరెవరూ మాకు చెప్పరు. ఇంగ్లీష్ రాకపోతే తెలుగులో చదివి వినిపించండి, ఇక్కడ తప్పుంది అని నేను చెప్తా, అది దిద్దడం కాదా?

టైం ఎక్కడిది అంటారా, అది నేనూ ఒప్పుకుంటా. బుధవారం శనివారం టీకాలు, మిగతా రోజులు ఊళ్ళు తిరగడం, మధ్యలో వానాకాలం జ్వరాలు. 2023లో సెకండ్ ఏఎన్ఎంలం సమ్మెలో కూర్చున్నప్పుడు మా డిమాండ్లలో రీసెర్చ్ లేదు, రెగ్యులర్ చెయ్యమన్నదే మొదటిది, కడుపు ముందు కదా. కాబట్టి ఉత్తగా ఇంకో పని నెత్తిన పెట్టొద్దు. స్టడీలో కూర్చోబెడితే ఆ రోజుని డ్యూటీగా రాయండి, స్టడీ బడ్జెట్లో జీపుకి డీజిల్ రాసుకున్నట్టే మా గంటలకి కూడా ఒక లైను రాయండి. అట్లా రాయని స్టడీకి మెడికల్ ఆఫీసర్లు పర్మిషన్ ఇవ్వకుండా ఉంటే ఇంకా మంచిది, కానీ అంత దూరం నేను ఆశపడట్లేదు. నేర్పడానికి కూడా పెద్ద కోర్సు అక్కర్లేదు, మంత్లీ మీటింగ్ రోజు ఒక గంట, తెలుగులో, ప్రశ్న ఎట్లా అడగాలి, నోట్‌బుక్‌లో ఏ గడి ఎట్లా గీస్తే తర్వాత లెక్క తేలుతుంది, సమ్మతి అంటే ఏంది, ఇంత చాలు. మిగతా లెక్కలు మీ పిల్లలు చేస్తారు, వాళ్ళు దానికే చదివారు.

కమిషన్ వాళ్ళకి ఒక మాట. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం తెచ్చారు. దాని ప్రకారం కమిషన్‌లో 29 మంది సభ్యులు, చదువుకొక బోర్డు, రేటింగ్‌కొక బోర్డు, ఎథిక్స్‌కి రిజిస్ట్రేషన్‌కి కలిపి ఒక బోర్డు. ఆ చట్టం మొదటి పేరాలోనే రీసెర్చ్ అన్న మాట ఉంది, నాకు చదివి చెప్పినాయన దగ్గర రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నా. మరి ఆ రీసెర్చ్ ఎవరిది? ఏఎన్ఎం సిలబస్ మళ్ళీ తిరగరాసేటప్పుడు అందులో ఒక చిన్న చాప్టర్ పెట్టండి. ఎమ్మెస్సీ థీసిస్‌కి గైడ్ ఒప్పుకునే ఫారంలో ఒక గడి పెట్టండి, ఈ టాపిక్ ఫీల్డులో ఎవర్ని అడిగి ఎంచుకున్నారు అని. ఖాళీగా వదిలేస్తే తిప్పి పంపండి. ఖర్చు లేని పని.

టాపిక్కులు లేవని మీ పిల్లలు ఏడుస్తుంటారు. మా దగ్గర బోలెడున్నాయి. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే అని అదే ఫ్యామిలీ హెల్త్ సర్వేలో వచ్చింది, ఆ సర్వేలో దేశంలో ఇంకెక్కడా అంత రాలేదు. మీరు ఆస్పత్రిలో కేస్ షీట్లు చూస్తారు. ముహూర్తం ఎవరు పెట్టారు, నొప్పులకి భయపడింది పిల్లా వాళ్ళమ్మా, ఆటో ఎక్కేటప్పుడే కోయించుకుందామని ఎవరన్నారు, ఇవి కేస్ షీట్లో ఉండవు, తొమ్మిది నెలలు ఆ ఇంటికి తిరిగినదానికి తెలుస్తాయి. ఇంకోటి, ఆఖరి నెలసరి తేదీ. ఫారంలో తేదీ నెల సంవత్సరం అని మూడు గళ్ళుంటాయి. ఎవరికీ తేదీ గుర్తుండదు, మేడారం జాతరయిన వారానికి, కందులు కోసినప్పుడు, అట్లా చెప్తారు. మేం లెక్కేసి గళ్ళు నింపుతాం. ఒక్కో ఏఎన్ఎం ఒక్కో రకంగా లెక్కేస్తది, మరి దాని మీద ఆధారపడి మీరు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల లెక్క తీస్తున్నారు! దీని మీద ఒక్కరన్నా స్టడీ చెయ్యొచ్చు కదా, నేనూ ఉంటా.

ఇంకో చిన్నది మర్చిపోయా. స్టడీ అయిపోయాక ఏం తేలిందో మా మీటింగ్‌కి వచ్చి చెప్పండి. ఇన్నేళ్ళలో వచ్చినోళ్ళలో తిరిగి వచ్చి చెప్పింది ఒక్క టీబీ టీం. ఆ రోజు మా ఆశా వర్కర్లు ఇంటి నుంచి గారెలు చేసుకొచ్చారు.

ఈసారి ఎవరన్నా వచ్చేటట్టయితే బుధవారం శనివారం వద్దు, గురువారం రండి. పొద్దున ఎనిమిదికల్లా వస్తే కూలికి పోకముందే ఆడవాళ్ళు ఇళ్ళల్లో దొరుకుతారు. ఫారం ప్రింటు వెయ్యకుండా తీసుకురండి, పెన్సిల్‌తో రాసుకుందాం. నోట్‌బుక్ నా దగ్గరే ఉంది, మొదటి పేజీలు వానకి తడిసి కొంచెం చెరిగాయి కానీ మిగతావి చదవొచ్చు.

ఇట్లు,
ఒక సెకండ్ ఏఎన్ఎం,
ఉమ్మడి ఖమ్మం జిల్లా